గ్రంథాలయోద్యోగులకు ఒక శిక్షణ దినము

గ్రంథాలయమునకు మూడంగములు కలవు. గ్రంథములు ఒకటి, చదువరులు రెండవది, ఆ రెంటిని కలుపు సేవకులు మూడవది. మొదటి రెంటిని గురించి మన దేశమున మాటలకు కొరత లేదు. గ్రంథములు చాలవని ప్రతి సభలోను చెప్పుకొందుము. చదువరులు తగ్గిపోవుచున్నారని ప్రతి వ్యాసమునందును వాపోవుదుము. మూడవ అంగమును గురించి మాత్రము ఎవరును అంతగా పట్టించుకొనరు. ఉద్యోగమున చేరునాడు ధ్రువపత్రము చూతురు. ఆ తరువాత ముప్పది యేండ్లు గడచిపోవును. ఆ ముప్పది యేండ్లలో ప్రపంచము మారును, పాఠ్యప్రణాళికలు మారును, చదువరుల అవసరములు మారును. గ్రంథపాలకునకు మాత్రము క్రొత్తగా ఒక్క విషయమైనను నేర్పవలెనన్న తలంపు మనకు రాదు. సంవత్సరమున ఒక్క దినమైనను ఇందుకు కేటాయింపవలెననుట నేటి మా విన్నపము. ఆ దినమును ఎట్లు జరుపవలెనో ముందుగా ఆలోచించుకొననిచో, అది కూడ మరియొక సభగానే ముగియును. కావున ఆ ఏర్పాటును గురించియే ఇచట ముచ్చటింపదలచితిమి.

ఈ శిక్షణ లేకపోవుటచేత కలుగు నష్టము పైకి కనబడునది కాదు. తొమ్మిదవ తరగతి చదువు బాలిక ఒకతె శాఖా గ్రంథాలయమునకు వచ్చి, తేనెటీగలను గురించి ఏదైన పుస్తకమున్నదా అని అడిగెననుకొందము. “అదిగో ఆ బీరువాలో చూడు” అన్నది సమాధానమైనచో, ఆ బాలిక బీరువా వంక చూచును, వందల పుస్తకముల వెన్నులు చూచును, కొంతసేపు నిలుచుండి ఇంటికి పోవును. మరల రాదు. ఆమె వచ్చినట్లు గాని, వట్టి చేతులతో పోయినట్లు గాని ఏ రిజిస్టరులోను వ్రాయబడదు. ఇచ్చిన పుస్తకముల లెక్క గ్రంథాలయమున ఉండును; ఈయలేకపోయిన పుస్తకముల లెక్క ఎక్కడను ఉండదు. ఈ రెండవ లెక్క తెలిసినగాని ఉద్యోగులకు ఏమి నేర్పవలయునో తెలియదు. శిక్షణ దినమునకు పునాది ఇదియే.

గ్రంథాలయ సేవ తెలుగువారికి ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. 1901లో హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడు, నిజాము రాజ్యమున తెలుగుబిడ్డకు తెలుగులో చదువుకొను వసతియే అరుదు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము తలయెత్తినది. 1914 ఏప్రిలులో బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘముగా ఏర్పడిరి. దాని వెనుక నిలిచి ఊరూర తిరిగినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము స్థాపితమైనది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవలో పుస్తకములు పంపించి, దారిలోని పల్లెలకు అందించిరి.

ఆనాటి వారిలో పెక్కుమందికి జీతము లేదు, పదవి లేదు. అయినను పని ఎట్లు చేయవలెనన్న విచారము మాత్రము ఉండెను. పుస్తకములను ఎట్లు అమర్చవలెను, పల్లెవానికి చదువు రానిచో ఎట్లు చదివి వినిపింపవలెను, తీసికొన్న పుస్తకమును తిరిగి తెప్పించుట ఎట్లు అను సంగతులను వారు కూడినపుడెల్ల చర్చించుకొనెడివారు. ఒకరి అనుభవము మరియొకరికి పాఠమైనది. సభ, శిక్షణ అను భేదము వారు పాటింపలేదు. పాతూరివారు తరువాతి కాలమున విజయవాడలో గ్రంథాలయ సంఘము పక్షమున గ్రంథపాలకులకు తరగతులే నడిపించిరి. నేడు జీతమున్నది, పదవి యున్నది, చట్టమున్నది; ఆ కూడి నేర్చుకొను అలవాటు మాత్రము సన్నగిల్లినది.

గ్రంథపాలకునకు శిక్షణ కావలెనన్న భావము ప్రపంచమునకే మిక్కిలి పాతది కాదు. మెల్విల్ డ్యూయీ 1887లో న్యూయార్కు నగరమున కొలంబియా కళాశాలయందు మొదటి గ్రంథాలయ పాఠశాలను తెరచెను. మన దేశమున బరోడా మహారాజు సాయాజీరావు గాయక్వాడ్ అమెరికానుండి విలియం బోర్డెన్‌ను రప్పించి 1911లో తరగతి ప్రారంభింపజేసెను. లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయము 1915లో ఆ మార్గమునే అనుసరించినది. మదరాసు గ్రంథాలయ సంఘము 1929లో వేసవి తరగతిని ఆరంభించినది.

ఆ మదరాసు తరగతికి ప్రాణము షియాలి రామామృత రంగనాథన్‌గారు. వారి చరిత్రయే శిక్షణ విలువకు గొప్ప నిదర్శనము. వారు గణితోపాధ్యాయులు. 1924 జనవరిలో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా చేరిరి. చేరిన కొద్ది దినములకే ఆ పనిలోని ఏకాంతమును భరింపలేక, తన పాత కళాశాలకు తిరిగి పోవుదునని ప్రాధేయపడిరి. ముందు ఇంగ్లండు వెళ్లి ఆ విద్యను అభ్యసించి రమ్మని, అప్పటికిని ఇష్టము లేకున్న తిరిగి రావచ్చునని పెద్దలు చెప్పిరి. లండనులో బెర్విక్ సేయర్స్ వద్ద పాఠములు విని, అనేక గ్రంథాలయములు తిరిగి చూచిన పిమ్మట, ఆ గణితోపాధ్యాయుడు తిరిగి వచ్చి కళాశాల మాటయే తలపెట్టలేదు. 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములు నిర్మించి లోకమున కిచ్చెను. పని రుచింపకపోవుటకు కారణము పెక్కుసార్లు పనిలో లేదు, పని తెలియకపోవుటలో ఉన్నదని దీనివలన గ్రహింపవలెను. మన శాఖా గ్రంథాలయములలో విసుగుతో కూర్చుండు ఉద్యోగిని నిందించుటకు ముందు, అతనికి ఈ పనిలోని రుచిని ఎవరైన ఒకనాడు చూపిరా అని ప్రశ్నించుకొనుట న్యాయము.

ఈ బాధ్యత ఎవరిది? స్వతంత్ర భారతమున మొట్టమొదటి గ్రంథాలయ చట్టము 1948 నాటి మదరాసు చట్టము. హైదరాబాదు రాష్ట్రమున 1955లో మరియొకటి వచ్చినది. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము ఈ రెంటి స్థానమున ఏర్పడినది. 2014లో రాష్ట్రము రెండైన తరువాతను రెండు రాష్ట్రములలోను జిల్లా గ్రంథాలయ సంస్థల వ్యవస్థ ఆ చట్టము నుండి వచ్చినదే. ఇంటిపన్నులో ప్రతి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ప్రజలు చెల్లించుచున్నారు. గుడిసెవాసియు, మేడవాసియు తన ఇంటి మేరకు ఇందులో పాలు పంచుకొనుచున్నాడు. కావున గ్రంథాలయోద్యోగికి శిక్షణ ఇచ్చుట ఎవరో చేయు ఉపకారము కాదు. ప్రజలు ముందుగానే వెల చెల్లించిన సేవను ప్రజలకు సరిగా అందించుట మాత్రమే. వసూలైన పన్ను సకాలమున సంస్థలకు చేరుటయు, అందులో కొంత ఉద్యోగుల విద్యకు వ్యయమగుటయు సమంజసము.

ఇక ఆ దినమును ఎట్లు జరుపవలెను? మనకు అలవాటైన పద్ధతి ఒకటి కలదు. వేదిక, పూలదండలు, జ్యోతి ప్రజ్వలనము, ఒక పెద్దమనిషి ఆలస్యముగా వచ్చుట, గ్రంథము గొప్పతనమును గురించి నాలుగు ఉపన్యాసములు, భోజనము, వందన సమర్పణము. ఇందులో దేనిని గురించియు మాకు ద్వేషము లేదు. కాని గ్రంథము గొప్పదని గ్రంథపాలకునకు చెప్పుట, నీరు చల్లనిదని జాలరికి చెప్పుటవంటిది. ఆనాడు అతడు ఇంటికి పోవునపుడు, మరునాడు తాను చేయగల క్రొత్త పని ఒకటి తెలిసికొని పోయెనా అన్నదే గీటురాయి. ఆ గీటురాయికి నిలువనిచో ఆ దినము వ్యర్థము.

కావున ఏర్పాటు నెలదినముల ముందే ప్రారంభము కావలెను. జిల్లాలోని ప్రతి గ్రంథాలయమునకు ఒక చిన్న నోటుపుస్తకము ఈయవలెను. చదువరి అడిగినది, తాము ఈయలేకపోయినది ఆ రోజుననే ఒక్క వాక్యముగా అందులో వ్రాయవలెను. అడిగినవారి పేరు అక్కరలేదు. వయస్సు ఇంచుమించుగా, అడిగిన విషయము, ఈయలేకపోవుటకు కారణము చాలును. పుస్తకమే లేదా, ఉండియు కనబడలేదా, చదువరి కోరినదేదో తమకే బోధపడలేదా? ఈ మూడు కారణములు వేరువేరు వ్యాధులు. వానికి మందులును వేరు. మొదటి దానికి ధనము కావలెను. రెండవ దానికి క్రమము కావలెను. మూడవ దానికి శిక్షణ కావలెను. ఈ పుస్తకము ఉద్యోగి తప్పులు పట్టుటకు కాదని అధికారులు ముందుగానే మాట ఇచ్చి, ఆ మాట నిలుపుకొనవలెను. లేనిచో అందరును ఖాళీ పుస్తకములు పట్టుకొని వత్తురు.

దినమును ఎన్నుకొనుటయు ఆలోచింపదగిన సంగతియే. ఆదివారము తగదు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు, పిల్లలు గ్రంథాలయమునకు తీరికగా రాగలుగునది ఆనాడే. ఉద్యోగుల వారపు సెలవును హరించుట అంతకన్న తగదు. విశ్రాంతి పోగొట్టుకొన్నవాడు గోడ గడియారమును చూచును గాని పాఠము వినడు. నవంబరు 14 మొదలు జరుగు గ్రంథాలయ వారోత్సవములు పోటీలతో, సభలతో ఊపిరి సలుపనీయవు. ఆగస్టు 12 రంగనాథన్‌గారి జన్మదినము, గ్రంథపాలకుల దినోత్సవము. అది సన్మానములకు ఉండనిండు. పాఠశాలలు తెరచి నాలుగైదు వారములు గడచి, పిల్లలు ఏమేమి అడుగుచున్నారో తెలిసి, పరీక్షల ఒత్తిడి ఇంకను రాని దినములలో ఒక పనిదినమును ఎన్నుకొనుట మేలు.

అమెరికాలోని అనేక పౌర గ్రంథాలయములు సంవత్సరమున ఒక దినము తలుపులు మూసి ఉద్యోగులందరిని ఒకచోట చేర్చుచున్నవి. పెద్ద గ్రంథాలయములలో మనము సగము మందిని ఒకనాడు, సగము మందిని మరునాడు పిలిచినచో తలుపు మూయవలసిన అవసరమే రాదు. ఒక్క ఉద్యోగితో నడచు శాఖల సంగతి వేరు. అచట విశ్రాంత ఉపాధ్యాయులో, పెద్ద తరగతుల విద్యార్థులో ముందుకు వచ్చినచో, ఆనాడు పత్రికాపఠన మందిరమునైన తెరచి ఉంచవచ్చును. అదియు వీలుకానిచో మూయుడు. కాని వారము ముందుగా తలుపుపై స్పష్టముగా వ్రాయుడు: మీకు మరింత బాగుగా సేవ చేయుటకు ఆనాడు మేము నేర్చుకొనుచున్నామని. కారణము తెలిసిన చదువరి కోపగింపడు. కారణము లేని తాళమే అతనిని బాధించునది.

పిలువవలసినవారెవరు? గ్రంథపాలకులు మాత్రమే అని చెప్పుట పొరపాటు. గ్రంథాలయమున అడుగుపెట్టిన చదువరికి మొదట ఎదురగువాడు పెక్కుసార్లు అటెండరు, లేదా ఊడ్చి శుభ్రపరచు మనిషి, లేదా కావలివాడు. బాలుడు భయపడుచు గుమ్మము కడ నిలిచినపుడు “లోపలికి రా బాబూ” అనువాడును, “చెప్పులు అక్కడ విడువు” అని గద్దించువాడును ఆ గ్రంథాలయమునకు ముఖమే. పుస్తకములను తుడిచి బీరువాలో సర్దునది కూడ వారే; ఒక్క వరుస తప్పి పెట్టిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానము. కావున అందరును రావలెను. ఒకే చాపపైనో, ఒకే వరుస కుర్చీలలోనో కూర్చుండవలెను, కలిసి భుజింపవలెను.

ఉదయపు రెండు గంటలు నోటుపుస్తకములకు కేటాయింపవలెను. అందరు తెచ్చిన అడుగుడులను చదివి, మూడు కారణముల క్రింద వేరుచేయవలెను. ఒక శాఖలో లేని పుస్తకము ఐదు మైళ్ల దూరమున మరియొక శాఖలో ధూళి పట్టి ఉన్నదని అక్కడనే తెలియవచ్చును. పది శాఖలలో పదిమంది పిల్లలు ఒకే పుస్తకమును అడిగినచో, రాబోవు కొనుగోలు పట్టికలో అది మొదట ఎక్కవలెనని ఎవరును ఉపన్యసింపనక్కరలేదు. పుస్తకముల ఎంపిక సంఘములకు ఇంతకన్న మంచి సలహాదారు లేడు.

తరువాతి గంట ప్రశ్న అడిగించుకొను విద్యకు. చదువరి మొదట పలుకు మాట అతనికి కావలసినది కాదు, దానికి దగ్గరి త్రోవ మాత్రమే. “సైన్సు పుస్తకమున్నదా?” అన్న పిల్లవానికి కావలసినది చంద్రగ్రహణము ఎట్లు పట్టునో తెలుపు బొమ్మ కావచ్చును. “చట్టం పుస్తకము” అడిగిన రైతుకు కావలసినది తన పొలము గట్టు తగాదాను గురించిన వివరము కావచ్చును. “దేనికొరకు?” అని గద్దించినట్లు అడిగిన నోరు మూసికొందురు. “ఏ సంగతి తెలిసికొనవలెనని, నాయనా?” అని అడిగిన విప్పి చెప్పుదురు. ఇద్దరిద్దరుగా కూర్చుండి ఒకరు చదువరిగాను, ఒకరు గ్రంథపాలకుడుగాను నటించి, పిదప స్థానములు మార్చుకొని అభ్యసించినచో, పది ఉపన్యాసములు నేర్పనిది అరగంటలో తెలియును.

ఆ పిమ్మట బీరువాల వద్దకే పోవలెను. మన పౌర గ్రంథాలయములలో పెక్కింట వాడుకలో నున్నది 1876లో డ్యూయీ ప్రకటించిన దశాంశ వర్గీకరణము. దానిలో తెలుగు సాహిత్యమునకు 894.827 అని స్థానము. వరి సేద్యము 633.18లో నుండును. ఇక మన బాలిక అడిగిన తేనెటీగలను వెదకుదము. ఈగ శరీరము, జాతులు, జీవనము తెలుపు పుస్తకము జంతుశాస్త్రములో 595.799 కడ ఉండును. తేనెటీగల పెంపకమును తెలుపునది వ్యవసాయపు వరుసలో 638.1 కడ ఉండును. ఒకే ప్రాణి, రెండు బీరువాలు. పిల్లల కథల అరలో మూడవది కూడ దొరకవచ్చును. ఈ సంగతి ఎరిగిన ఉద్యోగి ఆ బాలికను మూడు చోట్లకు తీసికొనిపోవును. ఎరుగనివాడు ఒక్క చోట చూచి లేదనును. ఇట్టి పది ప్రశ్నలను కాగితములపై వ్రాసి, జట్లుగా విడిపోయి వెదకుడని చెప్పినచో, అది ఆటవలె ఉండును, పాఠమువలె పనిచేయును. ఎవరు ముందు తెచ్చిరన్నది ముఖ్యము కాదు. ఏ త్రోవను వెదకిరో అందరికి చెప్పుట ముఖ్యము.

భోజనానంతరము నిద్ర వచ్చు వేళ చేతులకు పని కల్పింపవలెను. అప్పుడు పుస్తక సంరక్షణము నేర్పవలెను. చిరిగిన పుటకు అంటించు ప్లాస్టిక్కు టేపు కొన్ని యేండ్లకే పసుపుబారి కాగితమును చెరచును. పలుచని కాగితము, పిండి జిగురు దానికన్న మేలు. ఆ జిగురులో పురుగు పట్టకుండ మైలుతుత్తము కలుపుట మన బైండర్లు ఎరిగిన పాత పద్ధతి. అది విషము గనుక చేతులు కడుగుకొనుట మరువరాదు. బీరువాలను గోడకు ఆనించి పెట్టినచో చెమ్మయు, చెదలును సులువుగా ప్రాకును; కొంచెము ఎడము విడువవలెను. పుస్తకమును వెన్ను తలపట్టి లాగక, ఇరువైపుల పుస్తకములను కొద్దిగా వెనుకకు నెట్టి నడుమ పట్టుకొని తీయవలెను. వేటపాలెము సారస్వత నికేతనమున పాత పత్రికల సంపుటములు నేటి పరిశోధకులకు దక్కినవనిన, అట్టి చిన్న జాగ్రత్తలు పాటించిన చేతులు కొన్ని వాని వెనుక ఉండబట్టియే.

సాయంకాలపు చివరి భాగమును క్రొత్త సాధనములకు విడువవలెను. అన్నియు ఒకేనాడు నేర్పబూనుట అవివేకము. ఏటికి ఒకటి చాలును. ఈ యేడు భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయమును తీసికొనుడు. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. నిర్వహణలో 2018లో ఇది జాతికి అంకితమైనది. చేతి ఫోనుతోనే పాఠ్యగ్రంథములను, వ్యాసములను, పాత ప్రశ్నపత్రములను ఇందులో వెదకవచ్చును. బీరువాలో లేని పుస్తకమును చూపగల మార్గము ఇది యొకటి. పల్లె గ్రంథాలయమున కంప్యూటరు లేకున్నను, ఉద్యోగి చేతిలో ఫోనున్నది. ఆ ఫోనుతో చదువరికి దారి చూపుట తన పనిలో భాగమని అతనికి తెలియజేయవలెను. ప్రతివారును తమ ఫోనులో స్వయముగా ఒక ప్రశ్న వెదకి జవాబు కనుగొన్న తరువాతనే ఈ పాఠము ముగియవలెను. వేదికపై ఒకరు చేసి చూపగా తక్కినవారు చూచుట చాలదు.

బోధకుల కొరకు దూరదేశములు వెదకనక్కరలేదు. ప్రతి జిల్లాలోను కార్డులు ఒడుపుగా వ్రాయగలవారు, పిల్లలకు కథ చెప్పగలవారు, చిరిగిన పుస్తకమును క్రొత్తదానివలె కుట్టగలవారు ఉద్యోగులలోనే ఉందురు. వారిచేతనే నేర్పింపవలెను. ఇరువదియేండ్లు ఎవరును గుర్తింపని నేర్పును ఒక్కనాడు తోటివారి యెదుట చూపగలుగుట ఆ ఉద్యోగికి ఏ శాలువాకన్నను గొప్ప గౌరవము. బయటివారిని పిలిచినచో ఇద్దరే చాలుదురు: ఒక ఉపాధ్యాయుడు, ఒక చదువరి. మాకు మీ వద్ద ఏమి దొరకినది, ఏమి దొరకలేదు అని వారు పది నిముషములు చెప్పినచో చాలును.

దినము ముగియునపుడు ప్రతి ఉద్యోగియు ఒక కార్డుపై ఒక్క పని వ్రాయవలెను. పిల్లల పుస్తకములను వారి చేతికందు అరలోనికి దింపుదునని ఒకరు, గ్రూపు పరీక్షల అభ్యర్థులకు వేరుగ ఒక బల్ల ఏర్పరతునని మరియొకరు, దొరకని అడుగుడుల నోటుపుస్తకమును ఇక మానకుండ వ్రాయుదునని వేరొకరు. నెలదినముల తరువాత జిల్లా కార్యాలయము వారు ఆ కార్డు చేతబట్టి శాఖకు పోయి, పని ఎంతవరకు వచ్చినదని అడుగవలెను. జరుగనిచో అడ్డము వచ్చినదేమి యని కూడ అడుగవలెను. అర లేనిచో అర ఈయవలెను. అడుగువారు లేని సంకల్పము మూడు దినములకే మాయును.

కొందరొక ఆక్షేపణ చేయుదురు. శాఖలలో ఖాళీలే నింపకుండ ఉన్నపుడు, ఒక్క మనిషి రెండు మూడు గ్రంథాలయములు చూచుచున్నపుడు, శిక్షణ దినమని ఆర్భాటమేల యని. ఆక్షేపణలో నిజమున్నది. శిక్షణ ఎన్నటికిని నియామకమునకు బదులు కాజాలదు. ఖాళీ కుర్చీకి ఎవరును పాఠము చెప్పలేరు. నియామకములు జరుగవలెనని అడుగుట మానరాదు. కాని ఉన్న చేతులు తక్కువైనపుడు ఆ చేతులకు పని బాగుగా తెలిసియుండుట మరింత అవసరము. పదిమంది ఉన్నచోట ఒకనికి తెలియనిది మరియొకడు చెప్పును. ఒక్కడే ఉన్నచోట అతనికి తెలియనిది ఆ ఊరికే తెలియకపోవును. ధనము లేదందురేమో. పైన చెప్పిన దినమునకు కావలసినవి నోటుపుస్తకములు, కాగితము, జిగురు, ప్రయాణపు ఖర్చు, ఒక పూట భోజనము. దండలకును, శాలువాలకును, ఫ్లెక్సీలకును అయ్యెడి మొత్తముతోనే ఇందులో పెద్ద భాగము నెరవేరును.

ఈ మాటలు ఉపాధ్యాయ మహాశయులకు, విద్యార్థులకు చెప్పుట ఏలయని సందేహము కలుగవచ్చును. పౌర గ్రంథాలయమునకు మీ కన్న దగ్గరి చుట్టము లేడు. పైగా ప్రతి ఉన్నత పాఠశాలలో గ్రంథాలయ భారము ఎవరో ఒక ఉపాధ్యాయునిపై పడుచున్నది. తెలుగు పండితుడో, సాంఘిక శాస్త్రోపాధ్యాయుడో తన పాఠముల నడుమ ఆ బీరువా తాళపుచెవి మోయుచున్నాడు. జిల్లా గ్రంథాలయ సంస్థలు తమ శిక్షణ దినమున ఆ ఉపాధ్యాయులకును చోటు కల్పింపవలెను. మీరును పిలుపునకై వేచియుండక, మీ ఊరి గ్రంథపాలకునికి ఈ నెలలో మీరు పిల్లలకు ఏ పాఠములు చెప్పబోవుచున్నారో ఒక చిన్న కాగితముపై వ్రాసి పంపుడు. గ్రహణమును గురించి నలువదిమంది పిల్లలు ఒకేసారి వచ్చి పడుదురని ముందు తెలిసిన గ్రంథపాలకుడు, ఆ పుస్తకములను బల్లపై సిద్ధముగ ఉంచగలడు.

విద్యార్థులారా! మీరు అడుగుట మానకుడు. మీరు అడుగనిచో మీకేమి కావలెనో వారికి తెలియదు. పుస్తకము దొరకనిచో మౌనముగ తిరిగి రాక, “ఇది నాకు కావలెనండీ, నా అడుగుడు వ్రాసికొనుడు” అని మర్యాదగా చెప్పుడు. నోటుపుస్తకములో పడిన ఆ ఒక్క వాక్యమే శిక్షణ దినమున పాఠమగును. పాఠము కొనుగోలు పట్టికలోనికి పోవును. మీ తమ్ముడో చెల్లెలో వచ్చునాటికి ఆ పుస్తకము అరలో నుండును.

జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులు, కార్యదర్శులు ఈ సంవత్సరమే ఒక్కొక్క జిల్లాలో ఇట్టి దినము నొకదానిని జరిపి చూతురుగాక. మొదటి ఏట లోపములుండును. రెండవ ఏట తగ్గును. ఇందుకు పెద్ద ఉత్తరువు కాని, క్రొత్త చట్టము కాని అక్కరలేదు. ఒక నెల ముందు ప్రతి శాఖకు ఒక నోటుపుస్తకము పంపిన, పని ప్రారంభమైనట్లే.